సైన్యానికి మనుషులు: బలవంతమా, బత్తెమా

సైన్యానికి మనుషులను సమకూర్చుకోవడానికి ఏ రాజ్యానికైనా మూడు దారులే ఉన్నాయి. ఇష్టపడి వచ్చినవాళ్లకు జీతమిచ్చి చేర్చుకోవడం ఒకటి. ఫలానా వయసు వచ్చిన ప్రతివాడూ రావలసిందేనని చట్టం చేయడం రెండోది. భూమి ఇచ్చి, అందుకు బదులుగా అడిగినప్పుడల్లా ఇంతమందిని పంపాలని కట్టడి చేయడం మూడోది. తిరుపతి, చిత్తూరు నడుమ ఉన్న పాకాల ప్రాంతం ఈ మూడింటిలో మొదటిదాన్ని, చివరిదాన్ని బాగానే చూసింది. నడిమిదైన నిర్బంధ సైనిక సేవ మాత్రం ఇక్కడికి ఎప్పుడూ రాలేదు. ఉక్రెయిన్ యుద్ధం తర్వాత యూరప్ దేశాలు ఒక్కొక్కటిగా ఆ పాత చట్టాలను బయటికి తీస్తుండటంతో మన దగ్గరా అప్పుడప్పుడూ ఆ ప్రశ్న వినిపిస్తోంది: ప్రతి యువకుడూ కొన్నాళ్లు సైన్యంలో పనిచేయాలనే చట్టం భారతదేశానికి అవసరమా?

భూమికి బదులు సేవ అనే పద్ధతికి ఈ ప్రాంతం పెట్టింది పేరు. విజయనగర రాజులు నాయకులకు అమరం కింద సీమలు అప్పగించి, ఎవరు ఎన్ని గుర్రాలు, ఎంత కాల్బలం సిద్ధంగా ఉంచాలో లెక్క కట్టేవారు. పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ 16వ శతాబ్దంలో ఆ లెక్కలు కొన్ని రాసి పెట్టాడు. ఆ శతాబ్ది చివర రాజధాని పాకాలకు పొరుగున ఉన్న చంద్రగిరికి చేరింది. సామ్రాజ్యం కూలాక కూడా పద్ధతి పోలేదు, చిన్న చిన్న ముక్కలుగా పాలెగాళ్ల చేతికి వచ్చింది. చిత్తూరు సీమలో నరగంటి, కల్లూరు, బంగారి, పులిచెర్ల పాలేలతో పాటు పాకాల కూడా ఒక పాలెం. పాలెగాడు తన బంట్లకు నెల జీతం ఇచ్చేవాడు కాదు. కట్టుబడి మాన్యం ఇచ్చేవాడు. ఆ భూమికి నామమాత్రపు శిస్తు కట్టి, దున్నుకుని, మామూలు రోజుల్లో ఊరి కావలి కాసి, పిలుపు వస్తే ఆయుధం పట్టుకుని బయలుదేరడం బంటు పని. తండ్రి తర్వాత మాన్యం, దానితో పాటు పని కూడా కొడుక్కి వచ్చేవి. బంటు ముసలివాడైతే ఎలా బతకాలన్న చింత ఆ ఏర్పాటులో లేదు, పింఛను పని భూమే చేసేది.

1801లో కర్ణాటక నవాబు రాజ్యం ఈస్టిండియా కంపెనీ వశమయ్యాక, తన కింద మరొకరికి సాయుధ బలగం ఉండటం కంపెనీకి నచ్చలేదు. చిత్తూరు పాలెగాళ్లు ఎదురు తిరిగారు. కొన్నేళ్లలోనే వాళ్లను అణచివేసి, బంట్లను ఆయుధం లేని రైతులుగా మార్చేశారు. ఇక మిగిలింది కంపెనీ సొంత సైన్యంలో జీతానికి చేరడమే.

మద్రాసు సైన్యంలో తెలుగు సిపాయిలు మొదటి నుంచీ గణనీయంగా ఉన్నారు. కంపెనీకి దక్షిణాదిలో యుద్ధాలు గెలిచిపెట్టినవాళ్లలో వాళ్లూ ఉన్నారు. తీరా దక్షిణాది చల్లబడి, పోరు వాయవ్య సరిహద్దుకు మారాక, 19వ శతాబ్ది చివరి దశకాల్లో కొత్త సిద్ధాంతం ఒకటి పుట్టుకొచ్చింది. యుద్ధం కొన్ని జాతుల రక్తంలోనే ఉంటుందని, పంజాబీలు, పఠాన్లు, గూర్ఖాలు అలాంటివాళ్లని, దక్షిణాదివాళ్లు కారని దాని సారం. దానికి ఊతమిచ్చిన లార్డ్ రాబర్ట్స్ 1880ల్లో మద్రాసు సైన్యానికే అధిపతిగా పనిచేసినవాడు కావడం విడ్డూరం. ఒక్కో మద్రాసు పటాలం రద్దవుతూ వచ్చింది. 1930ల నాటికి ఇంజినీరింగ్ దళమైన మద్రాస్ సాపర్స్ తప్ప చెప్పుకోదగ్గ మద్రాసు పదాతి దళమే లేదు. రెండో ప్రపంచ యుద్ధం మీద పడి మనుషులు కావలసి వచ్చేసరికి ఆ సిద్ధాంతాన్ని చడీచప్పుడు లేకుండా అటకెక్కించి, 1941-42లో మద్రాస్ రెజిమెంట్‌ను మళ్లీ లేపారు. సైన్యానికి ఎవరు పనికొస్తారన్నది ఎప్పుడూ అవసరాన్ని బట్టి మారే మాటే.

ఆ యుద్ధంలో భారత సైన్యం రెండు లక్షల చిల్లర నుంచి 25 లక్షలకు పెరిగింది. బలవంతపు చట్టం లేకుండా కూడగట్టిన సైన్యాల్లో ప్రపంచంలో అంత పెద్దది మరొకటి లేదు. అలాగని బ్రిటిష్ ఇండియాలో నిర్బంధ సేవా చట్టాలే లేవనుకోకూడదు. 1917లో ఒకటి, 1940లో ఒకటి వచ్చాయి. రెండూ ఇక్కడ నివసించే యూరోపియన్ బ్రిటిష్ పౌరులకే వర్తించాయి. భారతీయుడిని బలవంతంగా పట్టుకొచ్చి చేతికి తుపాకి ఇవ్వడం ప్రభుత్వానికి భయం. పైగా ఆ అవసరమూ లేదు. వాన కురిస్తేనే పంట పండే సీమల్లో నెలనెలా వచ్చే జీతం, రెండు పూటలా తిండి, బట్ట చాలు, చట్టం చేయాల్సిన పని అవే చేసిపెట్టాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో పంజాబు ఊళ్లలో అధికారులు ఇంటింటికీ లెక్కలు కట్టి మనుషులను తోలుకెళ్లిన సంగతి వేరే కథ. కాగితం మీద మాత్రం అదీ స్వచ్ఛందమే.

తెలుగు నేలపై సైనిక కొలువు ఇంటి ఆచారమైన ఊళ్లు కొన్ని ఉన్నాయి. పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని అందరూ మిలిటరీ మాధవరం అనే అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ అక్కడి నుంచి మనుషులు వెళ్లారు, ఇప్పటికీ వెళ్తున్నారు. పాకాల నుంచి రైలెక్కి, సరిహద్దు దాటి కాట్పాడిలో దిగితే వచ్చే వేలూరు జిల్లా కమ్మవాన్‌పేటకూ అలాంటి పేరే ఉంది. ఇలాంటి ఊళ్లలో కుర్రాడిని సైన్యంలోకి పంపేది ప్రకటన కాదు. ఎదురింటి మామ పింఛను, సెలవులకు వచ్చినప్పుడు ఆయనకు దక్కే మర్యాద, క్యాంటీన్ కార్డు మీద వచ్చే సరుకులు పంపుతాయి. చిత్తూరు సీమకు అంత పేరు రాకపోయినా ఇక్కడి నుంచి వెళ్లినవాళ్లు తక్కువేమీ కాదు. 2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర హెలికాప్టర్ కూలి త్రివిధ దళాధిపతి జనరల్ బిపిన్ రావత్‌తో పాటు మరణించిన లాన్స్ నాయక్ సాయితేజ కురబలకోట మండలంలోని ఎగువ రేగడ బిడ్డ. పాకాల నుంచి ధర్మవరం వెళ్లే రైలు మార్గంలోనే ఉన్న కలికిరిలో 2014లో సైనిక్ స్కూల్ పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌కు 1960ల నుంచీ ఉన్నది విజయనగరం దగ్గరి కోరుకొండ సైనిక్ స్కూల్ ఒక్కటే, రాయలసీమకు ఇదే మొదటిది.

ఇక రాజ్యాంగం ఏమంటుంది? 23వ అధికరణ వెట్టిచాకిరీని నిషేధిస్తుంది. అదే అధికరణ రెండో భాగం, ప్రజా ప్రయోజనం కోసం ప్రభుత్వం నిర్బంధ సేవ విధించడానికి అడ్డు లేదంటుంది. మతం, జాతి, కులం, వర్గం పేరుతో తేడా చూపకూడదన్నది ఒక్కటే షరతు. 1976లో చేర్చిన ప్రాథమిక విధుల్లో, దేశం పిలిచినప్పుడు జాతీయ సేవ చేయడం పౌరుడి విధి అని ఉంది. కాబట్టి పార్లమెంటు తలచుకుంటే చట్టం చేయడానికి రాజ్యాంగం దారి మూసిపెట్టలేదు. చాలామందికి తెలియనిది మరొకటి ఉంది. 1948 నాటి టెరిటోరియల్ ఆర్మీ చట్టంలో తర్వాత చేర్చిన ఒక సెక్షన్ ప్రకారం, ఇరవై నుంచి నలభై ఏళ్ల లోపు ప్రభుత్వోద్యోగులు, ప్రజోపయోగ సేవల్లో పనిచేసేవాళ్లు అవసరమైతే ఆ దళంలో పనిచేయాల్సి రావచ్చు. రైల్వే, చమురు సంస్థల ఉద్యోగులతో ఇలాంటి దళాలు ఏర్పడ్డాయి కూడా. పాకాల లాంటి రైల్వే ఊళ్లో నిర్బంధ సేవ అనే మాట పూర్తిగా పరాయిది కాదన్నమాట.

స్వతంత్ర భారతం బలవంతానికి బాగా దగ్గరగా వెళ్లింది ఒక్కసారే. 1962లో చైనా చేతిలో ఓడిపోయాక సైన్యాన్ని 8 లక్షల 25 వేలకు పెంచాలని నిర్ణయించారు. అత్యవసర కమిషన్ల పేరుతో వేలమంది యువకులను అధికారులుగా తీసుకున్నారు. 1963లో కాలేజీ విద్యార్థులకు ఎన్‌సీసీని తప్పనిసరి చేశారు. లక్షల మందికి సరిపడా శిక్షకులు, తుపాకులు, యూనిఫాంలు ఎక్కడివి? ఐదేళ్లు తిరగకుండా, 1968లో దాన్ని మళ్లీ ఐచ్ఛికం చేశారు. 2018లో పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం, గెజిటెడ్ ఉద్యోగాల్లో చేరాలనుకునేవాళ్లకు ఐదేళ్ల సైనిక సేవ తప్పనిసరి చేయాలని సిఫారసు చేసింది. అది సిఫారసుగానే ఉండిపోయింది.

నిర్బంధ సేవ ఎక్కడ పనికొస్తుందో చూస్తే మన పరిస్థితి తేటపడుతుంది. జనం తక్కువై, శత్రువు గుమ్మంలోనే ఉన్న దేశాలకు అది తప్పదు. ఇజ్రాయెల్, దక్షిణ కొరియా, ఫిన్లాండ్ ఆ కోవలోవి. స్వీడన్ 2010లో ఎత్తేసి 2017లో మళ్లీ తెచ్చింది. లిథువేనియా 2015లోనే వెనక్కి తిరిగింది, తర్వాత లాత్వియా అదే దారి పట్టింది. డెన్మార్క్ 2025 నుంచి ఆడపిల్లలనూ ఇందులో చేర్చింది. జర్మనీ 2011లో ఆపేసి, 2026 నుంచి పద్దెనిమిదేళ్లు నిండిన అబ్బాయిలందరూ ఒక ప్రశ్నావళి నింపాలనే దాకా వచ్చింది, సేవ మాత్రం ఇప్పటికి ఇష్టాన్ని బట్టే. ఇలా వెనక్కి తిరిగిన దేశాల బాధ చాలావరకు ఒకటే: ఇష్టపడి చేరేవాళ్లు చాలడం లేదు.

భారతదేశంలో ఏటా కోటికి పైగా అబ్బాయిలకు పద్దెనిమిదేళ్లు నిండుతాయి. సైన్యం మొత్తం కలిపినా పద్నాలుగు లక్షల చిల్లర. ఆ కోటి మందినీ ఒక్క ఏడాది పిలిస్తే సైన్యం కన్నా ఏడు రెట్ల మందికి బ్యారక్‌లు, భోజనం, శిక్షణ చూడాలి. అంతా వద్దు, కొందరినే పిలుద్దామంటే ఎవరిని? 2022లో నాలుగేళ్ల కొలువుకు పిలిచిన అగ్నివీర్ల తొలి విడత 46 వేలు. కోటిలో అది వందకు అరమనిషి కూడా కాదు. అప్పుడు లాటరీ వేయాలి, లేదా మినహాయింపులు ఇవ్వాలి. వియత్నాం యుద్ధకాలంలో అమెరికా రెండూ చేసింది. చదువు పేరుతో కాలేజీ పిల్లలు తప్పించుకుంటే పనివాళ్ల పిల్లలు యుద్ధానికి వెళ్లారన్న అపవాదు ఆ చట్టాన్ని నైతికంగా చంపేసింది. 1973లో డ్రాఫ్ట్ అనే ఆ నిర్బంధ భర్తీ ఆగిపోయింది. ఇంజినీరింగ్ సీటు దగ్గర, ధ్రువీకరణ పత్రాల దగ్గర పలుకుబడి ఎలా పనిచేస్తుందో తెలిసిన దేశంలో మినహాయింపుల జాబితా ఎవరికి మేలు చేస్తుందో ఊహించడం కష్టం కాదు.

పైగా ఇక్కడ కొరత మనుషులది కాదు. 2022లో వైమానిక దళం మొదటి అగ్నివీర్ ప్రకటన ఇస్తే 7,49,899 దరఖాస్తులు వచ్చాయి. తీసుకునేది సుమారు మూడు వేల మందినే. గుంటూరులోని ఆర్మీ రిక్రూటింగ్ కార్యాలయం రాయలసీమ జిల్లాలన్నిటితో పాటు నెల్లూరు, ప్రకాశం, గుంటూరు ప్రాంతాలనూ చూసుకుంటుంది. తిరుపతి, చిత్తూరు జిల్లాల కుర్రాళ్లు దాని పరిధిలోకే వస్తారు. 2023 నుంచి మొదట ఆన్‌లైన్ పరీక్ష, అందులో నెగ్గినవాళ్లకే నియామక ర్యాలీ. అంతకుముందు ర్యాలీ అంటే తెల్లవారుజామునే స్టేడియం గేటు ముందు వేలమంది క్యూ.

ర్యాలీలో అసలు పరీక్ష పరుగు. 1.6 కిలోమీటర్లు, అంటే నాలుగు వందల మీటర్ల ట్రాక్ మీద నాలుగు చుట్లు. ఐదున్నర నిమిషాల్లో ముగిస్తే అరవై మార్కులు. ఆ పైన పదిహేను సెకన్లు పడితే నలభై ఎనిమిదే. తర్వాత కడ్డీకి వేలాడి పది పులప్‌లు తీస్తే నలభై. తొమ్మిది అడుగుల గుంత దూకాలి, వంకర దూలం మీద తూలకుండా నడవాలి. ఆంధ్ర కుర్రాడికి జనరల్ డ్యూటీకి ఎత్తు 166 సెంటీమీటర్లు ఉండాలి, ఛాతీ 77 ఉండి ఊపిరి బిగిస్తే మరో ఐదు పెరగాలి. పదో తరగతిలో 45 శాతం మార్కులు రావాలి. మొదటి మూడు చుట్లలో దమ్ము దాచుకోనివాడు నాలుగో చుట్టులో చతికిలబడతాడు. ఆ పదిహేను సెకన్ల కోసం ఏడాదంతా పొద్దు పొడవకముందే బైపాస్ రోడ్ల మీద పరుగెత్తే కుర్రాళ్లు ప్రతి మండలంలోనూ కనిపిస్తారు.

వాళ్లు పరుగెత్తింది దేనికోసమో 2022 జూన్ 14న మారిపోయింది. అంతవరకు సిపాయిగా చేరినవాడు కనీసం పదిహేనేళ్లు చేసి పింఛనుతో ఇంటికొచ్చేవాడు. ఆ రోజు ప్రకటించిన అగ్నిపథ్ పథకంలో సేవాకాలం నాలుగేళ్లే. ఆ పైన వందమందిలో పాతికమందినే శాశ్వతంగా ఉంచుకుంటారు. మిగతావాళ్లకు పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు, మాజీ సైనికుడన్న హోదా కూడా లేదు. దీని వెనక లెక్క దాచిపెట్టేదేమీ కాదు. ఆ ఏడాది రక్షణ బడ్జెట్ 5.25 లక్షల కోట్లయితే అందులో పింఛన్లకే 1.19 లక్షల కోట్లు పోయాయి. సైన్యం సగటు వయసు తగ్గించాలన్నది ప్రభుత్వం ముందుకు తెచ్చిన కారణం. అది నిజమే, కానీ ఖజానా కారణమే బలమైనదని అనుకోవాలి.

అగ్నివీర్‌కు మొదటి ఏడాది నెలకు 30 వేలు. అందులో తొమ్మిది వేలు నిధిలోకి పోగా చేతికి వచ్చేది 21 వేలు. రెండో ఏడాది 33 వేలు, తర్వాత 36,500, ఆఖరి ఏడాది 40 వేలు. ప్రతి నెలా ముప్పై శాతం కోత. నాలుగేళ్లలో కోత మొత్తం 5,02,200 రూపాయలు, ప్రభుత్వం అంతే కలుపుతుంది, వడ్డీతో సుమారు 11.71 లక్షలు సేవా నిధిగా చేతికిస్తారు. పన్ను లేదు. సేవలో ఉన్నన్నాళ్లూ 48 లక్షల బీమా ఉంటుంది.

ఈ మార్పు తెలుగు నేలపైనే రక్తం చిందించింది. అంతకుముందు రెండేళ్లు కోవిడ్ పేరుతో నియామకాలు ఆగిపోయాయి. దేహదారుఢ్యం, వైద్య పరీక్షలు దాటి రాతపరీక్ష కోసం ఎదురుచూస్తున్న కుర్రాళ్లకు, ఆ నియామకం రద్దయిందని, మళ్లీ మొదటి నుంచి రావాలని తెలిసింది. 2022 జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలు పెట్టెలు తగలబడ్డాయి, పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు చనిపోయాడు. కేసుల్లో ఇరుక్కున్నవాళ్లలో చాలామందికి సర్కారు కొలువు ఆశ అక్కడితో సరి. ఆ గుంపు సైన్యంలోకి రామని తిరగబడలేదు. ఎందుకు రానివ్వరని తిరగబడింది. వియత్నాం కాలపు అమెరికా వీధుల్లో డ్రాఫ్ట్ కార్డులు కాల్చినవాళ్లకూ వీళ్లకూ తేడా అదే. పథకం చెల్లుతుందని 2023లో ఢిల్లీ హైకోర్టు, తర్వాత సుప్రీంకోర్టు తేల్చాయి.

నాలుగేళ్ల కొలువులో ప్రాణం పోతే ఏమిటన్న ప్రశ్న రాయలసీమకు త్వరలోనే ఎదురైంది. శ్రీసత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండాకు చెందిన అగ్నివీర్ మురళీనాయక్ 2025 మే 9న జమ్మూకశ్మీర్‌లో నియంత్రణ రేఖ వద్ద పాకిస్తాన్ కాల్పుల్లో మరణించాడు. ఇలాంటి మరణానికి అగ్నివీర్ కుటుంబానికి బీమా 48 లక్షలు, ఎక్స్‌గ్రేషియా 44 లక్షలు, సేవా నిధి, మిగిలిన సర్వీసు కాలపు జీతం వస్తాయి. పక్కనే అదే కందకంలో పోరాడి చనిపోయిన రెగ్యులర్ సిపాయి కుటుంబానికైతే బతికినన్నాళ్లూ కుటుంబ పింఛను ఉంటుంది. రాష్ట్ర ప్రభుత్వం మురళీనాయక్ కుటుంబానికి 50 లక్షలు, ఉద్యోగంతో పాటు భూమి కూడా ప్రకటించింది. సైనికుడి సేవకు ప్రతిఫలంగా భూమి ఇవ్వడమన్న ఆలోచన పాలెగాళ్లతో పూర్తిగా పోలేదు.

అగ్నిపథ్‌ను సమర్థించేవాళ్లలో కొందరు దీన్ని నిర్బంధ సేవకు మెతక రూపంగా చూస్తారు. యువత కొన్నాళ్లు సైన్యంలో గడిపి క్రమశిక్షణతో సమాజంలోకి తిరిగొస్తుందన్నది వాళ్ల వాదన. పోలిక కుదరదు. నిర్బంధ సేవలో కలెక్టరు కొడుకూ కూలివాడి కొడుకూ ఒకే బ్యారక్‌లో పడుకోవాలి, దాని గొప్పేమన్నా ఉంటే అది అక్కడే. అగ్నిపథ్‌లో చేరేది ఆ జీతం అవసరమైనవాడే.

నిర్బంధ సేవ తెలుగువాళ్లకు నేరుగా తగిలేది విదేశాల్లోనే. అమెరికాలో డ్రాఫ్ట్ లేకపోయినా, 1980 నుంచి 18 - 25 ఏళ్ల మగపిల్లలంతా సెలెక్టివ్ సర్వీస్‌లో పేరు నమోదు చేసుకోవాలి. అక్కడ పుట్టిన తెలుగు పిల్లలకే కాదు, గ్రీన్ కార్డు ఉన్న అబ్బాయిలకూ ఇది వర్తిస్తుంది. హెచ్1బీ, విద్యార్థి వీసాల మీద సక్రమంగా ఉన్నవాళ్లకు వర్తించదు. నమోదు చేయకపోతే ఫెడరల్ ఉద్యోగాలకు అనర్హత, పౌరసత్వ దరఖాస్తులో చిక్కులు. ఆడపిల్లలకు లేదు. డ్రాఫ్ట్ మళ్లీ తేవాలంటే అక్కడి కాంగ్రెస్ కొత్తగా చట్టం చేయాలి. సింగపూర్‌లో ఇది కాగితం మీది మాట కాదు. 1967 నుంచి అక్కడ జాతీయ సేవ తప్పనిసరి. ఉద్యోగానికి వెళ్లి శాశ్వత నివాసం పొందిన తండ్రికి మినహాయింపు ఉంటుంది గానీ, ఆయన ద్వారా ఆ హోదా పొందిన కొడుకు రెండేళ్లు యూనిఫాం వేసుకోవలసిందే, ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి రిజర్వు శిక్షణకు వెళ్లాలి. సేవ తప్పించుకోవడానికి హోదా వదులుకుంటే రేపు ఆ దేశంలో చదువుకో ఉద్యోగానికో వెళ్లడం కష్టమవుతుంది. కొడుకు పెద్దవాడు కాకముందే అక్కడి తెలుగు ఇళ్లలో తేల్చుకోవాల్సిన సంగతి ఇది.

భారత సైన్యానికి నిజంగా కొరత ఉన్నది పై మెట్ల మీద. 2023లో ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పిన ప్రకారం మేజర్ హోదాలో రెండు వేలకు పైగా, కెప్టెన్ హోదాలో 4,700కు పైగా ఖాళీలున్నాయి. ఇంజినీరింగ్ చదివిన కుర్రాడికి బెంగళూరులో దొరికే జీతంతో సైన్యం పోటీ పడలేకపోతోంది. ఇది నిర్బంధ చట్టంతో తీరే కొరత కాదు. ఏడాదిన్నరకు బలవంతంగా వచ్చినవాడిని కంపెనీ కమాండర్‌ను చేయలేరు. డ్రోన్లు, రాడార్లు, క్షిపణులు నడిపే దళాల్లో సిపాయిల సంగతీ అంతే. పని చేతికి వచ్చేసరికి ఇంటికి పంపాల్సి వస్తే శిక్షణ ఖర్చు బూడిదలో పోసినట్టే. ఈ అభ్యంతరం నాలుగేళ్ల కొలువు మీదా ఉంది. ఉంచుకునేవాళ్ల వాటా పాతిక శాతం చాలదని, పెంచాలని మాజీ సైనికాధికారులు పదేపదే అనడం అందుకే.

సైన్యంలో అగ్నివీర్ల మొదటి జట్టు శిక్షణ 2023 జనవరి ప్రాంతంలో మొదలైంది. వాళ్ల నాలుగేళ్లు 2026 చివర, 2027 ఆరంభానికి నిండుతాయి. ప్రతి నలుగురిలో ముగ్గురు అప్పుడు బయటికొస్తారు, వాళ్ల వయసు ఇరవై రెండు, ఇరవై ఐదుకు అటూఇటూగా ఉంటుంది. పదో తరగతితో వెళ్లినవాళ్లకు సార్వత్రిక విద్యా సంస్థ ద్వారా ఇంటర్‌తో సమానమైన ధ్రువపత్రం దొరుకుతుంది. కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో, అస్సాం రైఫిల్స్‌లో పది శాతం ఉద్యోగాలు వీళ్లకు కేటాయిస్తామని, వయోపరిమితిలో మొదటి జట్టుకు ఐదేళ్లు, తర్వాతివాళ్లకు మూడేళ్లు సడలింపు ఇస్తామని కేంద్రం 2022లోనే ప్రకటించింది. ఆ కోటాలో ఎంతమంది కుదురుకుంటారు, సేవా నిధి పదకొండు లక్షలు చాలనుకుని ఊళ్లోనే నిలదొక్కుకునేవాళ్లెంతమంది అన్నది మొదటి జట్టు ఇళ్లకు చేరాకే తెలుస్తుంది. బైపాస్ రోడ్డు మీద వాళ్ల తర్వాతి జట్టు పరుగు ఎంత పొడుగ్గా ఉంటుందన్నదీ దాని మీదే ఆధారపడి ఉంది.